కొత్తపట్నం - రామాయపట్నం తీరంలో స్థలం, హోమ్‌స్టే: అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

కందుకూరు కుర్రాడు
అందరికీ నమస్కారం. మాది కందుకూరు, ఉద్యోగం బెంగళూరులో. మా బ్యాచ్ మొత్తానికీ ట్రెక్కింగ్ అంటే పిచ్చి. ఉదయగిరి కోట ఎక్కాం, భైరవకోన, పెంచలకోన చూశాం, మైపాడులో ఈత కొట్టాం. గోవా, గోకర్ణ అంటూ తిరిగే మా స్నేహితులకు ఇవన్నీ చూపిస్తే నోరెళ్లబెట్టారు. అక్కడి నుంచి పుట్టిందే ఈ ఆలోచన. కొత్తపట్నం, పాకల, రామాయపట్నం మధ్యలో ఎక్కడో ఒకచోట 5 సెంట్లు కొని రెండు మూడు గదులు కట్టాలి. శని, ఆదివారాల్లో వచ్చేవాళ్లను ఒకరోజు కొండకు, ఒకరోజు సముద్రానికి తీసుకెళ్లాలి.

బ్రోకర్ ఒకాయన 'బీచ్ ఫేసింగ్ ఫామ్ ప్లాట్లు' చూపించాడు. పోర్టు వస్తోంది, రిఫైనరీ వస్తోంది, దగదర్తిలో ఎయిర్‌పోర్టు కూడా వస్తుంది, ఇప్పుడే టోకెన్ ఇవ్వమంటున్నాడు. మా ఫ్రెండ్ ఒకడేమో ఇదే డబ్బుతో శ్రీలంకలోనో బాలీలోనో కొందామంటాడు. నాకేమో మన నేల మీదే చేయాలని ఉంది. ఆ తీరంలో ఉంటున్నవాళ్లు, కొన్నవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

సరుగుడు తోట
తమ్ముడూ, మాది సింగరాయకొండ మండలం. తాతల నాటి నుంచి ఇసుక నేల మీద సరుగుడు, వేరుశనగ వేస్తున్నాం. నువ్వు అడగనిది ముందు చెప్తాను, నీళ్ల సంగతి.

మా దగ్గర ఇసుకలో కొన్ని అడుగులు తవ్వితే తియ్యటి నీళ్లు ఊరతాయి. దాన్నే దొరువు అంటాం. వాన నీళ్లు ఇసుకలోకి ఇంకి, అడుగున ఉన్న ఉప్పు నీటి మీద పొరలా నిలుస్తాయి. ఉప్పు నీళ్లు బరువు, మంచి నీళ్లు తేలిక, అందుకే పైన ఉంటాయి. దొరువు నుంచి కాస్త కాస్త తోడుకుంటే ఏళ్ల తరబడి ఇబ్బంది ఉండదు. లోతుగా బోరు వేసి మోటారు పెట్టి లాగితే మాత్రం కింది ఉప్పు పైకొస్తుంది. ఒకసారి వచ్చిందంటే మళ్లీ మంచి నీళ్లు నిలవడానికి ఎన్ని వానలు పడాలో! మా పక్క చేలో అదే జరిగింది. ఊరికి సంబంధం లేనివాళ్లు కొని బోరు దింపారు, ఇప్పుడు ట్యాంకర్ తెప్పించుకుంటున్నారు.

రొయ్యల గుంటలున్న చోట ఇంకా జాగ్రత్త. గుంటల్లోకి ఉప్పు నీళ్లు తోడి పెడతారు, ఆ ఉప్పు చుట్టుపక్కల నేలలోకి దిగుతుంది. నువ్వు చూసిన ప్లాటుకు ఎంత దూరంలో గుంటలున్నాయి? గదులు కడితే వచ్చినవాళ్లు స్నానాలు చేస్తారు, బట్టలు ఉతుకుతారు. పోనీ ఆర్వో పెడతావు, అది తాగడానికి సరిపోతుంది. మిగతాదానికి?

ప్లాటు చూడాలంటే మే నెలలో రా. జనవరిలో ఏ బావి నీళ్లయినా తియ్యగానే ఉంటాయి.

రిటైర్డ్ సర్వేయర్
పైన అన్నయ్య చెప్పిన నీళ్ల మాట అక్షరాలా నిజం. నేను కాగితాల వైపు చెప్తాను. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఈ తీర మండలాల్లోనే గొలుసు పట్టుకుని తిరిగినవాణ్ణి.

బాబూ, 'ఫామ్ ప్లాట్' అన్నారంటే అది వ్యవసాయ భూమి. లేఅవుట్ అనుమతి లేకుండా సెంట్లలో ముక్కలు చేసి అమ్ముతున్నారన్నమాట. 2016 రెరా చట్టం (స్థిరాస్తి వెంచర్లను నియంత్రించే చట్టం) ప్రకారం 500 చదరపు మీటర్లు దాటినా, ఎనిమిది ప్లాట్లు దాటినా ఆ వెంచర్ రెరాలో నమోదు కావాలి. నంబర్ అడగండి. ఇవ్వకుండా 'రిజిస్ట్రేషన్ చేయిస్తాం కదా సార్' అంటే అక్కడితో ఆగిపోండి. రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన ఇల్లు కట్టే హక్కు రాదు, అమ్మినవాడికి లేని హక్కు మీకు అసలే రాదు.

తీరంలో పట్టా భూమి తక్కువ. సముద్రానికి దగ్గర పడేకొద్దీ పోరంబోకు, డీకేటీ పట్టాలు, చుక్కల భూములే (పాత రికార్డులో హక్కుదారు పేరు ఉండాల్సిన చోట చుక్కలున్నవి) ఎక్కువ. డీకేటీ అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి. 1977 చట్టం ఆ భూముల బదిలీని నిషేధించింది. 2023 సవరణతో ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూములకు హక్కులిచ్చారు కానీ, 'ఇది కూడా అందులోదే' అన్న నోటిమాటకు విలువ లేదు. సర్వే నంబర్ 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఉందో లేదో ఆన్‌లైన్‌లో మీరే చూసుకోవచ్చు. దాంతోపాటు అడంగల్ (సాగు వివరాల రికార్డు), 1బీ (హక్కుల రికార్డు), పాత ఈసీ (గత లావాదేవీల పత్రం), ఎఫ్ఎంబీ (పొలం కొలతల పటం) నాలుగూ ఒకే మాట చెప్పాలి. రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబర్ పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్ వచ్చింది. ఇద్దరు ముగ్గురు ఒకే ఎల్‌పీఎంలో కలిసిపోయి ఉంటే విడగొట్టించే దాకా కొనొద్దు.

ఇంకొకటి. కందుకూరు వైపు సెంట్లలో చెప్తారు, నెల్లూరు దగ్గర అంకణాల్లో చెప్తారు. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. మీ 5 సెంట్లు 242 గజాలు, 30 అంకణాలకు పైచిలుకు. రెండు చోట్ల రేట్లు పోల్చేటప్పుడు గజాల్లోకి మార్చుకుని చూడండి. తిరుపతి వైపు అంకణం 36 అడుగులే, అక్కడ చాలామంది తికమక పడతారు.

కందుకూరు కుర్రాడు
సార్, చాలా థాంక్స్. రెరా నంబర్ అడిగితే 'ఫామ్ ల్యాండ్‌కి అక్కర్లేదు' అన్నాడు. ప్లాటు నుంచి చూస్తే అలలు కనపడతాయి, మధ్యలో సరుగుడు తోట తప్ప ఏమీ లేదు. దాన్నే పెద్ద ప్లస్ పాయింట్‌గా చెప్పాడు.

రిటైర్డ్ సర్వేయర్
అలలు కనపడటమే ఇక్కడ చిక్కు బాబూ. పోటు నీళ్లు చేరే గరిష్ఠ రేఖ నుంచి లోపలికి 500 మీటర్ల వరకు సీఆర్‌జెడ్, అంటే నిర్మాణాల మీద ఆంక్షలున్న తీర నియంత్రణ ప్రాంతం. పల్లె తీరంలో మొదటి 200 మీటర్లు సాధారణంగా నిర్మాణాలకు వీల్లేని జోన్. అక్కడ మత్స్యకారుల పాత ఇళ్లకు ఇచ్చే వెసులుబాటు మీ హోమ్‌స్టేకి రాదు. 200 దాటాక కట్టాలన్నా తీర మండలి అనుమతి కావాలి. ఉప్పుటేర్లు, పోటు నీళ్లొచ్చే కాలవల ఒడ్డుకు కూడా ఈ నిబంధన ఉంది. బకింగ్‌హామ్ కాలవ పక్కన ప్లాట్లు చూపిస్తే అదీ గుర్తుపెట్టుకోండి. ఆ సరుగుడు తోట ఎవరిదో కనుక్కున్నారా? తీరం వెంట అటవీ శాఖ పెంచిన తోటలు చాలా ఉన్నాయి.

డాలస్‌లో కావలి
మాలాంటి వాళ్ల కోసం ఒక మాట. ఎన్నారైలు, ఓసీఐ కార్డు ఉన్నవాళ్లు (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లు) ఇండియాలో వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. ఫెమా (విదేశీ మారకం చట్టం) నిబంధన అది. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. ఇళ్ల స్థలం, ఫ్లాట్ కొనుక్కోవచ్చు. ఇది తెలిసి కూడా మా అసోసియేషన్ పిక్నిక్‌లకు వచ్చి ఫామ్ ప్లాట్ల బ్రోచర్లు పంచుతున్నారు. 'అమ్మానాన్నల పేరు మీద పెట్టేద్దాం' అని సలహా కూడా వాళ్లే ఇస్తారు. మా కజిన్ అలాగే పెట్టాడు. పెద్దాయన పోయాక ఇప్పుడు అన్నదమ్ముల మధ్య ఆ భూమి గురించి మాటల్లేవు. చాలా బాధగా ఉంటుంది.

కొండలెక్కే నెల్లూరోడు
ట్రిప్పుల సంగతి నేను చెప్తా బ్రదర్. ఉదయగిరి నాకు ప్రాణం. దాదాపు 3 వేల అడుగుల కొండ, గజపతుల చేతిలో ఉన్న ఆ కోటను కృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడి వేసి 1514లో గెలిచాడు. పైకెక్కి చూస్తే ఎందుకంత కాలం పట్టిందో మనకే అర్థమవుతుంది. కానీ దారి చూపే బోర్డులు తక్కువ, పైన తాగునీళ్లు దొరకవు. నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకానే ఎక్కాలి. మార్చి దాటితే రాయి మీద కాలు పెట్టలేం. స్థానికుణ్ణి ఒకరిని వెంట పెట్టుకోకుండా గుంపును తీసుకెళ్లొద్దు.

భైరవకోనలో ఒకే కొండరాతిలో తొలిచిన ఎనిమిది శివాలయాలు ఉన్నాయి, జలపాతం వానల తర్వాతే బాగుంటుంది. కానీ నీ ప్లాను మ్యాపులో పెట్టి చూడు. కొండలన్నీ పడమర, సముద్రం తూర్పు. కొత్తపట్నంలో పడుకున్నవాణ్ణి పొద్దున్నే భైరవకోనకు తీసుకెళ్లాలంటే సగం రోజు బండిలోనే పోతుంది. కొండకొచ్చేవాళ్లు కొండ దగ్గరే ఉండాలనుకుంటారు.

సముద్రం గురించి కూడా. మైపాడు, కొత్తపట్నం రెండు చోట్లా పండక్కో సెలవుకో వచ్చిన పిల్లలు మునిగిపోయారన్న వార్త ఏటా వింటున్నాం. మన తీరంలో లోపలికి లాగే ప్రవాహాలు ఎక్కువ. లాగినప్పుడు ఒడ్డుకు ఎదురీదితే అలసిపోతారు, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. అడ్వెంచర్ అని పేరు పెట్టి డబ్బు తీసుకుంటే ఆ ప్రాణాలకు నువ్వే బాధ్యుడివి. లైఫ్ జాకెట్లు, తాడు, ఈత వచ్చిన పాలెం కుర్రాళ్లు ఇద్దరు లేకుండా ఎవర్నీ నీళ్లలోకి దించకు.

కొలంబో ఫ్లైట్
నేను ఒంగోలు నుంచి గ్రూపులను శ్రీలంకకు తీసుకెళ్తుంటాను. ఆరుగమ్ బేలో సర్ఫింగ్, కితుల్‌గలలో రాఫ్టింగ్, ఎల్ల దగ్గర కొండలు, మూడూ బస్సు ప్రయాణంలో దొరుకుతాయి. టూరిస్టుగా వెళ్లండి, చాలా బాగుంటుంది. స్థలం కొనాలంటే మాత్రం 2014 చట్టం ప్రకారం విదేశీయులకు భూమి సొంతం చేయరు, గరిష్ఠంగా 99 ఏళ్ల లీజు. బాలీలో కూడా పూర్తి యాజమాన్య హక్కు ఇండోనేషియా పౌరులకే. స్థానికుడి పేరు మీద పెట్టి వెనకాల అగ్రిమెంట్ రాసుకునేవాళ్లున్నారు, దాన్ని నమ్మొద్దు.

ఇక డబ్బు పంపడం. మనిషికి ఏడాదికి 2.5 లక్షల డాలర్ల వరకు పంపొచ్చు. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. రిటర్నులో సర్దుబాటు అవుతుంది కానీ అప్పటిదాకా ఆ డబ్బు చేతిలో ఉండదు. 2022లో శ్రీలంక రూపాయి ఎలా పడిపోయిందో చూశాం. అక్కడి కరెన్సీలో వచ్చే అద్దె మీద లెక్క వేసుకున్నవాళ్లు బాగా దెబ్బతిన్నారు.

హోమ్‌స్టే అక్క
చీరాల వైపు మాకు నాలుగు గదులున్నాయి. ఈ చర్చలో నీళ్లు, కాగితాలు వచ్చాయి, జనం సంగతి రాలేదు.

వారం మధ్యలో ఎవరూ రారు. వచ్చేది శని, ఆదివారాలు, డిసెంబర్ సెలవులు, అన్నిటికంటే కార్తీక మాసం. పౌర్ణమి స్నానాలకు వాడరేవు, కొత్తపట్నం, మైపాడు అన్నీ కిక్కిరిసిపోతాయి. కానీ తుఫాన్లు వచ్చేది కూడా సరిగ్గా అప్పుడే. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. బుకింగులన్నీ పోయాయి, కరెంటు లేదు, పైగా రేకులు లేచిపోయాయి. ఉప్పు గాలికి ఏసీ బయటి యూనిట్లు, గేట్లు, గ్రిల్స్ తుప్పు పడుతూనే ఉంటాయి. స్లాబు కమ్మీలకు కూడా ఉప్పు పడుతుంది, కాంక్రీటు మందం తగ్గిస్తే తర్వాత పెచ్చులూడుతుంది.

ఇంకా ఒకటి. మేం ఇక్కడే ఉంటాం కాబట్టి నడుస్తోంది. బెంగళూరులో ఉండి వాచ్‌మన్ మీద నడిపిద్దామంటే నాకు భయం తమ్ముడూ. పొద్దున చేపల పులుసు ఎవరు వండుతారు, రాత్రి తాగి నీళ్లలోకి వెళ్తానన్నవాణ్ణి ఎవరు ఆపుతారు?

రామాయపట్నం పక్క ఊరు
పోర్టు పనులు మా కళ్ల ముందే జరుగుతున్నాయి. ఉద్యోగాల మీద ఆశ మాకూ ఉంది, పోర్టు వద్దనే మాట అనను. అయితే పోర్టు పక్కన కొన్న స్థలానికి రేటు పెరుగుతుందన్నది ఒక సంగతి, ఆ స్థలాన్నే భూసేకరణలో తీసుకుంటే ఏమవుతుందన్నది ఇంకో సంగతి. 2013 చట్టం ప్రకారం ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చాక ఆ భూమిని అమ్మలేరు, కొనలేరు. పరిహారం రిజిస్ట్రేషన్ విలువలు, చుట్టుపక్కల దస్తావేజుల మీద లెక్కగడతారు. దాని మీద నూరు శాతం సొలేషియం, అంటే అదనపు పరిహారం, ఉంటుంది. 10 లక్షలకు కొని కాగితంలో 3 లక్షలు రాయించుకున్నవాడికి ఆ 3 లక్షల కాగితమే సాక్ష్యం. స్టాంపు డ్యూటీ, ఫీజులు అన్నీ కలిపి 7.5 శాతం అవుతుంది, అది మిగులుతుందని తక్కువ రాయించుకోవద్దు.

పట్టపుపాలెం బిడ్డ
మా నాన్న వేటకు వెళ్తాడు, నేను నెల్లూరులో డిగ్రీ చదువుతున్నా. మా పాలెం ముందున్న ఇసుక ఖాళీగా ఉన్నట్టు బయటివాళ్లకు కనిపిస్తుంది. పడవలు లాగేది అక్కడ, వలలు బాగుచేసుకునేది అక్కడ, చేపలు ఎండబెట్టేది అక్కడ. ఫెన్సింగ్ వేసి దారి మూస్తే గొడవలు అవుతాయి, అయ్యాయి కూడా.

అన్నా, మీరు మంచి మనసుతో అడిగారు కాబట్టి చెప్తున్నా. స్థలం కొనకుండానే మొదలుపెట్టొచ్చు. సింగరాయకొండలోనో పాకలలోనో పెంకుటిల్లు ఒకటి ఏడాదికి అద్దెకు తీసుకోండి. వంట మా అమ్మలాంటి వాళ్లు చేస్తారు, సముద్రం దగ్గర మా కుర్రాళ్లు ఉంటారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు పెద్ద బోట్లకు వేట నిషేధం, ఆ రెండు నెలలూ చాలా ఇళ్లలో పని ఉండదు. ఆ సమయంలో మాకు కూలి దొరుకుతుంది, మీకు మనుషులు దొరుకుతారు.

కందుకూరు కుర్రాడు
ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. టోకెన్ ఇవ్వడం లేదు, బ్రోకర్‌కి చెప్పేశాను. అద్దె ఇంటి ఆలోచన మా బ్యాచ్‌కి బాగా నచ్చింది. తమ్ముడూ, మీ పాలెం పెద్దలను ఎవరిని కలవాలో మెసేజ్ చెయ్యి. సరుగుడు తోట అన్నా, మేలో వస్తాను, నీళ్లు ఎక్కడెక్కడ పట్టించాలి?

సరుగుడు తోట
దొరువు నుంచి ఒక సీసా, పక్కనే ఉన్న బోరు నుంచి ఒకటి, గుంటల వైపు నుంచి ఇంకొకటి. మోటారు కాసేపు నడిచాక పట్టాలి, ఆన్ చేయగానే పట్టిన నీళ్లు పనికిరావు. ల్యాబులో టీడీఎస్‌తో (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) పాటు క్లోరైడ్ కూడా చూడమను. టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే చాలా మంచిది. వేరే దిక్కు లేనప్పుడు తాగడానికి 2000 వరకు ఒప్పుకుంటారు. అది దాటితే ఆ స్థలం నీకు వద్దు, సముద్రం ఎంత బాగా కనపడినా సరే.

రిటైర్డ్ సర్వేయర్
ఆ ప్లాటు సర్వే నంబర్ ఇక్కడ పెట్టొద్దు బాబూ, అందులో ఇంకెవరిదైనా భూమి ఉండొచ్చు. నాకు విడిగా పంపండి. 22ఏలో, ఎఫ్ఎంబీలో చూసి ఆదివారం లోపల చెప్తాను.