గోడవతల డెయిరీ, మా బోరులో నైట్రేట్: ఎవరికి చెప్పాలి?

ప్రశ్న: మాది బెంగళూరు శివార్లలో సర్జాపుర వైపు చిన్న లేఅవుట్. గోడవతల డెయిరీలో వందకు పైనే గేదెలు. తెల్లవారుజామున పాకలు కడిగి ఆ పేడనీళ్లన్నీ రాజకాలువెలోకి (వాననీటి పెద్ద కాలువ) వదిలేస్తారు. మొన్న బోరు నీళ్లు టెస్ట్ చేయిస్తే నైట్రేట్ లీటరుకు 80 మిల్లీగ్రాములు! కాచి తాగితే సరిపోతుందంటారు మా అత్తయ్య. ఓనర్ది మా చిత్తూరే, అడగడానికి వెళ్తే కాఫీ ఇచ్చి పంపిస్తాడు.

జవాబు 1: అత్తయ్యగారికి చెప్పండి, కాస్తే నైట్రేట్ పోదు. నీళ్లు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది. తాగే నీటికి మన పరిమితి 45. ఇంట్లో పసిపాప ఉంటే ఆ నీళ్లతో పాలపొడి కలపొద్దు. ఆర్వో బాగానే తగ్గిస్తుంది.

జవాబు 2: 1974 నీటి చట్టం ప్రకారం మురుగును కాలువలోకి వదలాలంటే కర్ణాటక కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కావాలి. డెయిరీల పేడ, మురుగు గురించి కేంద్ర మండలి 2020లో మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. మండలికి ఫిర్యాదు చేసేముందు, నీళ్లు వదిలే వేళకే, టైమ్ పడేలా ఫోటోలు తీయండి. మధ్యాహ్నం వచ్చిన అధికారికి కాలువ పొడిగానే కనిపిస్తుంది, మాకదే జరిగింది.

జవాబు 3: అమెరికాలో 700 పాడి ఆవులుంటేనే ‘పెద్ద’ ఫారం. అక్కడా అలాంటి ఫారం కాలువలోకి వదిలితే పర్మిట్ తప్పదు.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. రేపు నాలుగింటికి అలారం పెట్టాను. కాఫీ మాత్రం ఈసారి వద్దంటాను.