ఉబుంటు అంటే ఊరికే క్షమించెయ్యడమేనా? మరి బాధితులకి దక్కిందేంటి?

గోదారిగట్టు:

మా ఫ్యామిలీ గ్రూపులో పెదనాన్న మళ్ళీ ఆ పళ్ళబుట్ట కథ పెట్టారు. మీక్కూడా వచ్చే ఉంటది. ఎవరో దొర ఆఫ్రికా పల్లెలో చెట్టు కింద బుట్ట పెట్టి ముందు ఎవరొస్తే వాళ్ళదే అంటాడు, పిల్లలు చేతులు పట్టుకుని అందరూ కలిసి పరిగెత్తి కలిసే తినేస్తారు, ఎందుకలా అంటే "ఉబుంటు" అంటారు, కింద రెండు నమస్కారాలు ఒక గులాబీ. ఏ ఊరు, ఏ సంవత్సరం, ఆ దొరెవరు అని రాత్రంతా వెతికా, ఎక్కడా ఆనవాలు లేదు. "మనం ఉన్నాం కాబట్టి నేనున్నాను" అని ఆ పిల్లల నోట పెట్టిన మాట కూడా కెన్యాకి చెందిన జాన్ ఎంబీటీ అనే మతపండితుడు 1969లో పుస్తకంలో రాసింది. దక్షిణాఫ్రికాలోని జులూ, ఖోసా జాతుల వాళ్ళ అసలు సామెత "ఉముంటు న్గుముంటు న్గబంటు", అంటే మనిషి సాటి మనుషుల వల్లే మనిషి అవుతాడు అని. ఉబుంటు అంటే ఆ మనిషితనమే.

సరే కథ పోనీండి. వెతుకుతుంటే దక్షిణాఫ్రికా ట్రూత్ కమిషన్ గురించి తగిలింది, ఇక నిద్ర పట్టలేదు. వర్ణవివక్ష పోయాక 1995లో చట్టం చేసి, ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూని ఛైర్మన్‌గా పెట్టి, చంపినోళ్ళు చిత్రహింసలు పెట్టినోళ్ళు వచ్చి జరిగింది జరిగినట్టు చెబితే కేసుల్లేకుండా వదిలేస్తాం అన్నారు, దానికి ఉబుంటు అని పేరు చెప్పారు. నా డౌటు ఒక్కటే. చంపినోడు బజార్లో తిరుగుతుంటే చచ్చినోడి భార్యకి "అమ్మా మనమంతా ఒకటే, క్షమించు" అని చెప్పడం దయా, దగానా?

లైనక్స్‌బాబాయ్:

టైటిల్ చూసి ఉబుంటు అనే కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్ గొడవ అనుకుని పరిగెత్తుకొచ్చా 😂 వచ్చా కాబట్టి ఒక మాట. దాన్ని మొదలుపెట్టిన మార్క్ షటిల్‌వర్త్ దక్షిణాఫ్రికా వాడే, 2004 అక్టోబర్‌లో మొదటి వెర్షన్ వదిలాడు, ఆ లోగోలో గుండ్రంగా చేతులు పట్టుకున్న ముగ్గురూ ఈ తత్వమే. కాలేజీ రోజుల్లో వెబ్‌సైట్లో అడ్రస్ ఇస్తే పైసా తీసుకోకుండా సీడీలు పోస్టులో వచ్చేవి, మా పోస్ట్‌మేన్ ఏదో ఫారిన్ గిఫ్ట్ అనుకుని మామూలు అడిగాడు. 2011లో ఆ సీడీలు ఆపేశారు, 2012లో మన కంప్యూటర్లో ఏదన్నా వెతికితే అమెజాన్ సరుకులు చూపించే పని పెట్టారు, దాని మీద పెద్ద రచ్చ అయింది. పేరు పెట్టుకోవడం తేలిక బాబూ, దానికి తగ్గట్టు ఉండటమే కష్టం. పెద్ద డౌటు మీరే తేల్చుకోండి.

నల్లకోటు_నాని:

గోదారిగట్టు గారు, దగా అని అంత తొందరగా తేల్చెయ్యకండి. లా చదివేటప్పుడు ఈ కేసుల మీద పేపర్ రాశా కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తా, ఓపిక పట్టండి.

ఈ ఉబుంటు మాట దక్షిణాఫ్రికా చట్టంలోకి వచ్చింది 1993 తాత్కాలిక రాజ్యాంగం చివర్లో. అందులో వాక్యం ఇలా నడుస్తుంది: అర్థం చేసుకోవడం కావాలి గానీ పగ వద్దు, పరిహారం కావాలి గానీ ప్రతీకారం వద్దు, ఉబుంటు కావాలి గానీ వేధింపు వద్దు. మళ్ళీ చదవండి. ఉబుంటు ఉన్న వాక్యంలోనే పరిహారం ఉంది. రెండూ ఒకే తాళ్ళో కట్టినవి. తర్వాత అందరూ ఒక ముక్క చింపుకుని పోయారు, అది వేరే సంగతి. 1996 అసలు రాజ్యాంగానికి వచ్చేసరికి ఆ మాటే కనపడదు.

దాని వల్ల ఏం ఒరిగింది అంటే, 1995 జూన్ 6న మక్వన్యానే కేసులో రాజ్యాంగ కోర్టు పదకొండు మంది జడ్జిలూ ఏకగ్రీవంగా ఉరిశిక్ష రాజ్యాంగ విరుద్ధం అన్నారు. అందులో చాలామంది ఉబుంటుని విడిగా ప్రస్తావించారు, జస్టిస్ మొఖోరో అయితే ఆ సామెతనే తీర్పులో పెట్టారు. అప్పటికి వందల మంది ఉరి కోసం ఎదురుచూస్తున్నారు అక్కడ. ఇది ఫార్వర్డ్ మెసేజ్ కాదు కదా, ప్రాణాలు నిలబడ్డాయి.

కరీంనగర్_పిల్ల:

నానన్నా, ఉరిశిక్ష రద్దు జేసుడు మంచిదే, ఎవరు కాదన్నరు. కానీ గోదారన్న అడిగింది అది కాదు గదా. చంపినోడి ప్రాణం నిలవెట్టిన్రు, మరి సచ్చినోళ్ళ ఇంట్లోళ్ళ సంగతేంది? మా దిక్కు ఊర్లల్ల పెద్దమనుషుల పంచాయితీ చూసిన్నేను. ఆడపిల్లను ఆగం జేసినోని తరపున నలుగురు వచ్చి "ఊరంతా ఒక్కటే గదా, రచ్చ ఎందుకు, ఇంత తీస్కొని రాజీ కా" అంటరు. ఒక్కటే అనే మాట ఎప్పుడూ దెబ్బ తిన్నోళ్ళకే చెప్తరు, కొట్టినోనికి చెప్పరు. నాకు ఈ ఉబుంటు కూడా గట్లనే కొడుతుంది.

నల్లకోటు_నాని:

అక్కా మీరన్నది ఆ దేశంలోనే కోర్టులో వాదించారు. 1996లో స్టీవ్ బికో, గ్రిఫిత్స్ మ్ఖెంగె లాంటి, వర్ణవివక్ష మీద పోరాడి హత్యకి గురైన వాళ్ళ కుటుంబాలు, మా ఇంటి మనిషిని చంపితే కోర్టుకెళ్ళే హక్కు మాకుంది, దాన్ని తీసెయ్యడానికి మీరెవరు అని కేసు వేశారు. ఓడిపోయారు. కాబట్టి బాధితులంతా చేతులు చాచి క్షమించేశారు అన్నది అబద్ధం, అది నేనూ ఒప్పుకుంటా. ఇంకో విషయం చాలామందికి తెలీదు, క్షమాభిక్ష కావాలంటే పశ్చాత్తాపపడాలని చట్టంలో రూలే లేదు! చేసింది పూర్తిగా చెప్పాలి, రాజకీయ కారణంతో చేసుండాలి, అంతే. సారీ చెప్పక్కర్లేదు. చట్టంలో ఉన్నది బేరం. క్షమించమని టూటూ గారు నోటితో అనేవారు, చట్టంలో అలాంటిది లేదు.

కానీ అక్కా రాజీ పంచాయితీకీ దీనికీ ఒక తేడా ఉంది. అక్కడ విషయం ఊరు దాటకుండా నొక్కేస్తారు. ఇక్కడ టీవీలో రేడియోలో అందరూ వినేలా చెప్పించారు. ఏడు వేలకి పైగా అప్లికేషన్లు వస్తే క్షమాభిక్ష దక్కింది 849 మందికే. బికోని చంపిన పోలీసులకి 1999లో ఇవ్వడం కుదరదన్నారు.

గోదారిగట్టు:

849 మందికే అంటే మిగతా వాళ్ళంతా జైలుకెళ్ళారన్నమాటేగా?

నల్లకోటు_నాని:

అబ్బా, మీరు సరిగ్గా పుండు మీదే నొక్కారు. అలా జరగలేదండీ.

1985 జూన్‌లో క్రేడాక్ అనే ఊరికి చెందిన నలుగురు ఉద్యమకారుల్ని, మాథ్యూ గొనీవె, ఫోర్ట్ కలాటా, స్పారో మ్కొంటో, సిసెలో మ్లావులి, కారు ఆపి చంపి కాల్చేశారు. చేసిన పోలీసులు కమిషన్‌కి అప్లై చేస్తే 1999లో కుదరదన్నారు. బేరం ప్రకారం అప్పుడు కేసు పెట్టాలి. పెట్టలేదు. వాళ్ళు ముసలాళ్ళయి ఒక్కొక్కరే పోయారు, శిక్ష పడకుండానే. కమిషన్ దాదాపు 300 కేసులు ప్రాసిక్యూటర్లకి అప్పజెప్పింది, అందులో కోర్టు మెట్లెక్కినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ నలుగురి పిల్లలు, ఇంకొన్ని కుటుంబాలు కలిసి 2025లో ప్రభుత్వం మీదే కేసు వేస్తే అప్పుడు ప్రెసిడెంట్ రామఫోసా, ఈ కేసుల్ని ఎవరన్నా కావాలని అడ్డుకున్నారా అని విచారణ కమిషన్ వేశారు. నలభై ఏళ్ళకి! వేసింది కూడా ఏఎన్సీ (మండేలా పార్టీ) ప్రెసిడెంటే, తొక్కిపెట్టారని ఆరోపణ కూడా ఏఎన్సీ ప్రభుత్వాల మీదే.

డబ్బు సంగతి కూడా చెప్తా. బాధితులకి ఆరేళ్ళ పాటు ఏటా 17 వేల నుంచి 23 వేల రాండ్లు ఇవ్వమని కమిషన్ సిఫారసు చేసింది. ప్రభుత్వం 2003లో ఒకేసారి 30 వేల రాండ్లు చేతిలో పెట్టి దులుపుకుంది. కంపెనీల మీద పన్ను లాంటిది వెయ్యమంటే అదీ కదల్లేదు. అందుకే నేననేది, దగా ఉబుంటులో లేదు. ఆ వాక్యంలో సగం కొట్టేసినోళ్ళలో ఉంది.

కరీంనగర్_పిల్ల:

మంచి మాటకు చెడ్డ పేరు వస్తే మాట తప్పు కాదు వాడినోళ్ళ తప్పు అంటరు ఎప్పుడూ. ధర్మం గురించి గట్లనే అంటరు, సోషలిజం గురించి గట్లనే అంటరు. ముప్పై ఏండ్ల సంది వాడినోళ్ళందరూ తప్పే వాడితే, ఆ మాటల్నే ఏదో లూజు ఉన్నట్టు గదా? ఎవ్వనికైనా పట్టే చెప్పు లెక్క.

తీరం_వాసి:

లేట్‌గా వచ్చా. నేను నాలుగేళ్ళు డర్బన్‌లో ఉద్యోగం చేసొచ్చా, అక్కడి మాట చెప్తా.

అక్కడ మనోళ్ళున్నారు, అంటే 1860 నవంబర్‌లో మద్రాస్ నుంచి ట్రూరో ఓడ డర్బన్‌లో దిగింది కదా, అప్పట్నుంచీ చెరకు తోటల్లో కూలికి తీసుకెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. 1931లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. మా ఇంటి ఓనరమ్మ ఆ సంతతే, తెలుగు మాట రాదు గానీ "అమ్మమ్మ" అంటే పలికేది, ఉగాదికి పచ్చడి చేసి నాకు పంపేది. ఆవిడ దగ్గర పనిచేసే జులూ పెద్దావిడతో నలభై ఏళ్ళ స్నేహం, ఒకరింట్లో చావైతే ఇంకొకరు వెళ్ళి వంట చెయ్యాల్సిందే. ఉబుంటు అంటే ఏంటని ఆ జులూ పెద్దావిడని ఒకసారి అడిగితే నవ్వి ఊరుకుంది. చెప్పేదేముంది అన్నట్టు.

2021 జులైలో మాజీ ప్రెసిడెంట్ జూమాని జైల్లో పెట్టాక దోపిడీలు మొదలయ్యాయి. ఫీనిక్స్ అని భారతీయులు ఎక్కువుండే ఏరియా, 1904లో గాంధీ ఆశ్రమం పెట్టింది కూడా ఆ దగ్గర్లోనే. అక్కడ జనం రోడ్లకి అడ్డంగా గస్తీలు పెట్టి వచ్చే పోయే నల్లవాళ్ళని ఆపారు, కాల్చారు, ఆ ప్రాంతంలో మొత్తం 36 మంది చచ్చిపోయారు, ఎక్కువమంది నల్లవాళ్ళే. చాలావరకు మనోళ్ళ చేతుల్లో! 1949లో డర్బన్‌లోనే జరిగిన గొడవల్లో భారతీయులు చచ్చారు, ఆ భయం తాతల దగ్గర్నుంచీ వస్తోంది అని అక్కడోళ్ళు చెప్పేవారు. నిజమే కావచ్చు, కానీ రోడ్డు మీద నడిచి పోతున్నోడికి 1949తో ఏం సంబంధం? ఆ వారం మా ఓనరమ్మ గేటు దాటలేదు, ఆ పెద్దావిడ పనికి రాలేదు. మూడో వారం వచ్చింది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు, వంటింటి తలుపేసుకున్నారు.

గోదారిగట్టు:

తీరంవాసి గారు, అంటే తెలిసిన మనిషి వరకే పనిచేస్తుందనా? 2008లో జింబాబ్వే, మొజాంబిక్ వలస కూలీల మీద పడి అరవై మందికి పైగా చంపినప్పుడు కూడా ఆ దేశంలో అందరి నోట్లో ఈ మాటుంది కదా.

తీరం_వాసి:

నేనంత దూరం వెళ్ళను సార్. చెయ్యాల్సిన పనులున్న చోట పనిచేస్తుంది అంటా. చావుకి వెళ్ళడం, వండిపెట్టడం, అప్పు తీర్చడం. 2013లో బెర్నార్డ్ మటోలినో అనే ఆయన ఇంకొకరితో కలిసి, ఉబుంటు కాలం చెల్లింది, చిన్న ఊళ్ళకి సరిపోయేదాన్ని పెద్ద దేశానికి తొడగడం నాయకుల పని అని రాస్తే అక్కడ పండితుల్లో పెద్ద గొడవే అయింది. నాకు ఆ వాదన సగమే నచ్చింది. పెద్ద దేశంలో కూడా చెయ్యాల్సిన పని ఉంది కదా, కేసు పెట్టడం, డబ్బులివ్వడం. చెయ్యలేదు, అంతే.

కరీంనగర్_పిల్ల:

ఇది జర ఒప్పుకోవచ్చు. కానీ అట్లైతే దాన్ని దయ అనకున్రి, బాకీ అనున్రి. దయ అంటే ఇచ్చెటోడు గొప్పోడైతడు, బాకీ అంటే అడిగే హక్కు ఉంటది. క్రేడాక్ పిల్లలు కోర్టుకు పోయింది దయ కోసం కాదు గదా.

నల్లకోటు_నాని:

అక్కా ఆ 1993 వాక్యంలో "పరిహారం" పక్కన మీ మాట రాసుకుంటా. ఉబుంటు మీద మాత్రం ఇంకా ఒప్పుకోను 🙂

గోదారిగట్టు:

పెదనాన్నకి 30 వేల రాండ్ల సంగతి గ్రూపులో రాసి పెట్టా. ఫోన్ చేసి, "ఆ కమిషన్‌లో వదిలేసినోళ్ళు ఎంతమందన్నావు, మళ్ళీ చెప్పు" అని అడిగారు. చెప్పా. కాసేపు ఆగి, ఆ పళ్ళబుట్ట మెసేజ్ డిలీట్ చెయ్యడం ఎలాగో అడిగారు, అప్పటికే టైం దాటిపోయిందేమో, "అందరికీ తొలగించు" అన్నది రావట్లేదట. లైనక్స్‌బాబాయ్, అది వాట్సాప్‌లో ఎంతసేపటి వరకు పనిచేస్తుంది?