మూడేళ్లలోపు పిల్లల మెదడు ఎదుగుదలకు అంగన్‌వాడీ ముందుగా ఇవ్వవలసింది ఆహారమా, ఆటా మాటానా?

గోదావరి గట్టు:
అంగన్‌వాడీ కేంద్రానికి రోజూ వచ్చేది మూడేళ్లు నిండిన పిల్లలే. అంతకంటే చిన్నవారికి బాలామృతం అనే పోషకాల పిండి ప్యాకెట్ ఇంటికి ఇచ్చి పంపుతారు, నెలనెలా తూకం వేస్తారు. మెదడు అత్యంత వేగంగా ఎదిగే ఆ కాలంలో బిడ్డతో ఎలా మాట్లాడాలో, ఏమి ఆడించాలో తల్లికి చూపించడం మాత్రం చాలాచోట్ల జరగడం లేదు. 2024లో కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన ‘నవచేతన’ మార్గదర్శకాల్లో ఇందుకోసం 140 ఆటలు, పనులు ఉన్నాయి. టీచర్ల సమయాన్ని వీటికి కేటాయించాలా, ఆహారం మీదే నిలపాలా?

పాలమూరు వైద్యుడు:
ఆహారమే ముందని నా అభిప్రాయం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉంది. నాడీ తంతువుల మీద పొర ఏర్పడడానికి ఇనుము కావాలి, అది కొరవడిన బిడ్డ మందకొడిగా ఉంటాడు, ఆడిద్దామన్నా ఆడడు. గ్వాటెమాలాలో 1969 నుంచి 1977 వరకు నాలుగు గ్రామాల్లో ఒక అధ్యయనం జరిగింది. రెండేళ్లలోపు మాంసకృత్తులున్న జావ అందిన మగపిల్లలు పెద్దయ్యాక గంటకు సంపాదించిన కూలి, మిగతావారి కంటే 46 శాతం ఎక్కువగా ఉంది. వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు ఐరన్ సిరప్ పట్టించడమే సరిగా సాగని చోట కొత్త పనులు తలకెత్తుకోవడం సరికాదు.

తుంగభద్ర:
వైద్యుడు గారు చెప్పిన అధ్యయనంతో పాటు జమైకాలో జరిగినదాన్ని కూడా చూడాలి. 1986-87లో కింగ్‌స్టన్‌లో వయసుకు తగ్గ ఎత్తు ఎదగని 129 మంది పసివాళ్లను నాలుగు గుంపులు చేసి, ఒక గుంపుకు ఆహారం, ఒక గుంపుకు ఆటలు, మరొకదానికి రెండూ ఇచ్చి, నాలుగో గుంపుకు ఏదీ ఇవ్వలేదు. ఆటల గుంపుల ఇళ్లకు ఆరోగ్య కార్యకర్త రెండేళ్లపాటు వారానికో గంట వెళ్లి, చేత్తో చేసిన బొమ్మలతో బిడ్డను ఎలా ఆడించాలో తల్లికి నేర్పింది. ఇరవై ఏళ్ల తరువాత చూస్తే ఆ పిల్లల సంపాదన ఆటలు అందనివారి కంటే 25 శాతం ఎక్కువగా ఉంది, ఆహారం మాత్రమే అందినవారిలో అలాంటి లాభం మిగలలేదు. నా దృష్టిలో ఈ రెండు అధ్యయనాలు ఒకదాన్నొకటి కొట్టివేయవు. గ్వాటెమాలాలో జావ పుట్టినప్పటి నుంచే అందింది, జమైకాలో ఎదుగుదల ఆగాక అందింది. అంటే ఆహారం ఆలస్యం కాకూడదు, అయితే బిడ్డ ‘ఊఁ’ కొట్టినప్పుడు బదులు పలికే మనిషి లేని లోటును ఏ ప్యాకెట్టూ తీర్చలేదు. దోబూచులాటకు, గిన్నె మీద మూత పెట్టించడానికి ఖర్చేమీ లేదు కదా!

అంగన్‌వాడీ టీచర్, కృష్ణా జిల్లా:
ఇల్లిల్లూ తిరిగి గంటసేపు కూర్చోవడం మాకు సాధ్యం కాదు. కేంద్రంలో పెద్ద పిల్లలు, వంట, రిజిస్టర్లు, ఫోనులో పోషణ్ ట్రాకర్ అనే ప్రభుత్వ యాప్ నమోదులు, ఇవన్నీ అయ్యేసరికి పొద్దుగూకుతుంది. అయితే ప్యాకెట్లు పంచే రోజున తల్లులు ఎలాగూ వస్తారు, తూకం వేసేటప్పుడు బిడ్డ మన చేతుల్లోనే ఉంటాడు. ఆ పది నిమిషాల్లో ఒక ఆట చూపించి, తల్లి చేత ఆడించి పంపగలం. అదనపు నమోదులు తగ్గిస్తే ఇది తప్పక జరుగుతుంది.

పాలమూరు వైద్యుడు:
ఈ పద్ధతికి నాకు అభ్యంతరం లేదు. కాని కూలికి వెళ్లే తల్లుల బిడ్డలు పగలంతా నానమ్మ, అమ్మమ్మల దగ్గరే ఉంటారు కాబట్టి ఆట నేర్పవలసింది వారికి కూడా. ఐరన్ సిరప్ ఎలా పట్టించాలో అదే రోజు వారికే చూపించాలి.