జడత్వాన్ని ముందుకు తోసే బలం అనుకుంటున్నారు, ఎలా మార్చాలి?

తొమ్మిదో తరగతికి ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను. బస్సు బ్రేకు వేస్తే ముందుకు ఎందుకు తూలుతాం అంటే క్లాసంతా ఒకే గొంతుతో "జడత్వం సార్" అంటారు. సరే, ఆ మనిషి మీద పనిచేసే బలాలు గీయండి అంటే 40 మందిలో 30 మంది ముందువైపు బాణం గీసి పక్కన "జడత్వ బలం" అని రాశారు. జడత్వం అంటే బలం కాదు, వస్తువు తానున్న స్థితిలోనే, ఆగి ఉంటే ఆగి, కదులుతుంటే అదే వేగంతో, కొనసాగే గుణం. ఈ నిర్వచనం మాత్రం తడుముకోకుండా అప్పజెప్పేస్తారు, అదే నా బాధ. గ్లాసు మీద అట్టముక్క, దాని మీద నాణెం పెట్టి, అట్టను వేలితో చటుక్కున కొడితే నాణెం గ్లాసులో పడే ప్రయోగం కూడా చేశాను. మీరెలా చెబుతున్నారు?

జవాబు 1
సార్, బస్సును రోడ్డు పక్కన నిలబడినవాడి కళ్లతో చూపించండి. నేను బొమ్మ లారీ మీద సుద్దముక్క నిలబెట్టి, మెల్లగా తోసి ఇటుకకు తగిలేలా చేస్తాను. సుద్దముక్క ముందుకు పడగానే "దాన్ని ఎవరు తోశారు?" అని అడుగుతాను. ఎవరూ తోయలేదు, లారీ ఆగింది, అది ఆగలేదు, అంతే. బస్సులోనూ బ్రేకు పడగానే నేల ఘర్షణ మన పాదాలను వెనక్కి లాగుతుంది, పై భాగమేమో ఇంకా పాత వేగంతోనే పోతుంటుంది, అందుకే తూలుతాం. అంటే గీయాల్సిన బాణం వెనక్కి. పిల్లలు వెంటనే ఒప్పుకోరు, వాదించుకోనివ్వండి, దయచేసి తొందరపడి జవాబు చెప్పకండి.

జవాబు 2
అసలు పేరులోనే చిక్కుంది. జడం అనగానే కదలకుండా పడి ఉన్నదే గుర్తొస్తుంది కాబట్టి రాయికి జడత్వం ఉంటుంది, దొర్లే బంతికి ఉండదు అనుకుంటారు. నేను రెండు లీటరు బాటిళ్లు, ఒకటి నిండా ఇసుక, ఒకటి ఖాళీ, పొడవాటి తాళ్లతో వేలాడదీస్తాను. ముందు ఒక్క వేలితో తోయమంటాను, తర్వాత ఊగుతున్నదాన్ని ఆపమంటాను. బరువును తాడు మోస్తోంది, చేతికి తెలిసేది ద్రవ్యరాశే. కదిలించడం కష్టమైనదాన్ని ఆపడమూ కష్టమే అని అప్పుడు తెలుస్తుంది.

జవాబు 3
అట్టను నెమ్మదిగా కూడా లాగి చూపించారా? అలా లాగితే నాణెం అట్టతో పాటే వచ్చేస్తుంది. వేలితో చటుక్కున కొట్టినప్పుడూ ఘర్షణ ఉంటుంది, కానీ అది పనిచేసే సమయం మరీ తక్కువ. ఇది చెప్పకపోతే అదంతా గారడీలాగే మిగిలిపోతుంది. వాయేజర్ 1 అంతరిక్ష నౌక గురించీ చెప్పండి. 1977లో బయల్దేరింది, సూర్యుడి ఆకర్షణ కొద్దిగా వెనక్కి లాగుతున్నా, ఏ ఇంజనూ తోయకుండానే సెకనుకు దాదాపు 17 కిలోమీటర్ల వేగంతో పోతోంది.

అడిగినవారు
ఇవాళ బాటిళ్లతో చేశాను. ఇసుక బాటిల్‌ని ఆపబోయిన అమ్మాయి "ఆగదేంటి సార్ ఇది!" అని రెండో చెయ్యి కూడా పెట్టింది. మళ్లీ బాణాలు గీయిస్తే పది మంది ఇంకా ముందుకే గీశారు. రేపు లారీ, సుద్దముక్కతో మొదలుపెడతాను.