నాలుగు గంటలుగా సముద్రం పక్కన ఇరుక్కున్నాను, కారు స్టార్ట్ కావట్లేదు

బాటసారి:
శని, ఆదివారాలు ఒక్కడినే తీరం వెంబడి కారులో తిరుగుదామని బయల్దేరాను. నిన్నంతా బ్రహ్మాండంగా సాగింది. ఇవాళ ఓ మలుపులో సముద్రం బాగుందని ఆపాను. తిరిగొచ్చి చూస్తే స్టార్ట్ కాదు! బ్యాటరీ కొని ఏడాది కూడా కాలేదు, పెట్రోలు సగం ట్యాంకు ఉంది. నాలుగు గంటలుగా ఆ బటన్ నొక్కీ నొక్కీ వేలు నొప్పి పుట్టింది. ఫోన్‌లో చార్జింగ్ 30 శాతమే. ఎవరైనా కాస్త చెప్పండి, బుర్ర పనిచేయట్లేదు.

చక్రధారి:
కొత్త బ్యాటరీ అయినంత మాత్రాన సరిపోదండీ. ముందు హెడ్‌లైట్లు వేసి చూడండి. వెలుగు మందంగా ఉండి, బటన్ నొక్కగానే టకటకమంటే కరెంటు చాలట్లేదని అర్థం. బానెట్ ఎత్తి టెర్మినళ్ల మీద తెల్లగానో పచ్చగానో పొక్కు కట్టిందేమో చూసి, బిగించండి. అన్నట్టు ఉప్పుగాలిలో తిరిగిన బండిని ఇంటికి రాగానే మంచినీళ్లతో కడగాలి, ముఖ్యంగా అడుగు భాగం. అందరూ పైన మెరిపిస్తారు, తుప్పు మాత్రం కింద మొదలవుతుంది. నేను ఎన్నిసార్లు చెప్పినా

అలలపిచ్చి:
అవన్నీ తర్వాత. బండి ఇసుక మీద ఉందా? ఆటు మొదలైతే నీళ్లు చక్రాల దాకా వచ్చేస్తాయి. పైగా ఇవాళ అమావాస్య, మామూలు కంటే ఎక్కువ ముందుకొస్తాయి.

పొట్టిమాట:
తాళం ఏ రకం?

బాటసారి:
ఇసుక కాదు, రోడ్డు పక్కన గట్టి నేలే. లైట్లు ధగధగా వెలుగుతున్నాయి, టకటక లేదు, అసలు ఏ శబ్దమూ లేదు. తాళం మామూలుదే, జేబులో ఉంటే చాలు, బటన్ నొక్కితే స్టార్ట్ అవుతుంది. రాగానే తలుపు తెరుచుకుంది కానీ ఇప్పుడు లాక్ కూడా పడట్లేదు. డాష్‌బోర్డులో తాళం బొమ్మ మిణుకు మిణుకుమంటోంది, అది ఎప్పుడూ ఉండేదేనా?

పొట్టిమాట:
జేబు తడిసిందా?

బాటసారి:
సముద్రం దాకా వచ్చి దిగకుండా ఎవరు పోతారండీ? అరగంట ఈదాను. తాళం ఎక్కడా పడిపోలేదు, నిక్కరు జేబులో జిప్ వేసి భద్రంగానే పెట్టుకున్నా.

పొట్టిమాట:
అదీ సంగతి.

అలలపిచ్చి:
ఈ ముక్క మొదట్లోనే చెబితే ఏం పోయింది మహానుభావా!

నీలిగువ్వ:
బియ్యంలో పెట్టండి, తడి లాగేస్తుంది.

బాటసారి:
ఇక్కడ నేనూ నాలుగు పీతలూ తప్ప ఎవరూ లేరు. బియ్యం ఎక్కడ తేను?

వైరుపురుగు:
బియ్యం వద్దు. తడి ఆరినా ఉప్పు లోపలే ఉంటుంది, అసలు శత్రువు అదే. రిమోట్‌ను గోటితోనో నాణెంతోనో విప్పి, బిళ్ల బ్యాటరీ తీసేయండి. అది లోపలే ఉంటే ఉప్పునీటి గుండా కరెంటు పారి రాగి గీతలను తినేస్తుంది. తర్వాత తాగే నీళ్లతో సర్క్యూట్ పలకను కడిగి, విదిలించి, నీడలో ఆరబెట్టండి.
ఈలోగా స్టార్ట్ చేయడానికి దారి ఉంది. రిమోట్‌లో బ్యాటరీ అక్కర్లేని చిప్ ఒకటి ఉంటుంది, దాన్ని దగ్గరికి తెస్తే కారు నుంచే దానికి శక్తి అందుతుంది. బ్రేక్ గట్టిగా తొక్కి, రిమోట్‌ను స్టార్ట్ బటన్‌కు ఆనించి, దాంతోనే బటన్ నొక్కండి. కొన్ని కార్లలో ఆ చోటు బటన్ దగ్గర కాకుండా కప్పులు పెట్టే గూట్లోనో, స్టీరింగ్ కిందో ఉంటుంది. కారు పుస్తకంలో బొమ్మ వేసి ఉంటుంది. తలుపు కోసం రిమోట్ లోపలే చిన్న ఇనప తాళం దాగి ఉంటుంది, లాగితే వస్తుంది.

చక్రధారి:
దాన్ని రిమోట్ అనకూడదు, తాళం అనాలి. రిమోట్ టీవీది.

నీలిగువ్వ:
అలలపిచ్చి గారూ, నీళ్లు ముందుకొస్తే పోటు, వెనక్కి పోతే ఆటు. మీరు తిరగేసి రాశారు.

అలలపిచ్చి:
మా బడిపుస్తకంలో పోటు, పాటు అని ఉండేది. ఆటు అనేది తర్వాతెవరో తెచ్చారు. ఏదైనా ఒక పోటుకీ మరో పోటుకీ దాదాపు 12 గంటల 25 నిమిషాలు, అందుకే రోజూ 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది.

నీలిగువ్వ:
లెక్క సరే, మాట తప్పు.

చక్రధారి:
ఒంటరిగా వెళ్లేవాళ్లు రెండో తాళం ఇంట్లో పెట్టి రావడమే అసలు తప్పు.

బాటసారి:
స్టార్ట్ అయింది!! ఇంటికెళ్లేదాకా ఇక ఇంజిన్ ఆపను. థాంక్స్.

వైరుపురుగు:
సంతోషం. ఎక్కడ ఆనిస్తే పట్టింది? ఏ కారు?

వైరుపురుగు:
హలో?

నీలిగువ్వ:
పాటు అనే మాట ఏ తరగతి పుస్తకంలో ఉందో చెప్పండి చూద్దాం.