చార్లీ క్రిస్టియన్ టోన్: తక్కువ వాల్యూమ్‌లో ఆ చిన్న గరగర ఎలా తేవాలి?

1939-41 మధ్య బెన్నీ గుడ్‌మన్ జాజ్ బృందంలో గిటారిస్ట్ చార్లీ క్రిస్టియన్ వాయించిన సోలోల్లోని టోన్ కోసం మూడు వారాలుగా తంటాలు పడుతున్నాను. ఆయనది బార్ పికప్ (పికప్ అంటే తీగల కంపనాన్ని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే భాగం) ఉన్న గిబ్సన్ ఈఎస్-150 గిటార్, ఈహెచ్-150 ఆంప్ (యాంప్లిఫయర్). నాది నెక్ దగ్గర హంబకర్ (రెండు కాయిల్స్ పికప్) ఉన్న, లోపల బోలుగా ఉండే హాలో బాడీ ఆర్చ్‌టాప్ గిటార్, 12-52 మందం ఫ్లాట్‌వూండ్ (పైన నున్నగా ఉండే) తీగలు, 12 అంగుళాల స్పీకర్‌తో 15 వాట్ల ట్యూబ్ ఆంప్.

ఆంప్‌లో బేస్ 3, మిడ్ 7, ట్రెబుల్ 4. గిటార్ టోన్ నాబ్ 4కు తగ్గిస్తే స్పీకర్ మీద దుప్పటి కప్పినట్టుంది. 7కు పెంచితే నోట్ కన్నా పిక్ చప్పుడే ముందు వినబడుతోంది. ఆంప్ వాల్యూమ్ 6 దాటితే గట్టిగా మీటినప్పుడు నాకు కావలసిన గరగర కాస్త వస్తుంది. కానీ ఆరో తీగ మూడో ఫ్రెట్‌లో జి నోట్ పట్టగానే గిటార్ ఊళ పెడుతోంది. పైగా మాది అపార్ట్‌మెంట్, కింది ఇంటివాళ్లు ఇప్పటికే రెండుసార్లు వచ్చారు.

అందుకని వాల్యూమ్ 2లో ఉంచి, గరగర తెచ్చే ఓవర్‌డ్రైవ్ పెడల్‌ను గెయిన్ (గరగర ఎంత రావాలో చెప్పే నాబ్) బాగా తగ్గించి పెట్టాను. ఒక్కో నోట్ అయితే పర్వాలేదు, రెండు తీగలు కలిపి మీటితే తేనెటీగలు ముసిరినట్టే. పెడల్‌కు ముందు ఈక్యూ (ఈక్వలైజర్) పెట్టి 200 హెర్ట్జ్ దగ్గర 4 డెసిబెల్స్ తగ్గిస్తే ముద్దముద్దగా వినబడటం పోయింది, నోట్ కూడా పీలగా అయిపోయింది. ఈక్యూ తర్వాత పెట్టినా అంతే. మెల్లగా, గట్టిగా మీటిన నోట్ల మధ్య తేడా తగ్గించే కంప్రెసర్ ఊసే వద్దు, మీటులో ఉన్న ప్రాణం తీసేసింది.

పికప్ మార్చకుండా, ఇంత తక్కువ వాల్యూమ్‌లో, గట్టిగా మీటినప్పుడు మాత్రమే గరగర వచ్చేలా మీరు ఏ రకం పెడల్‌ను ఏ సెట్టింగులతో వాడుతున్నారు?