పై పోర్షన్ బాడుగకు: ఆఫ్ఘన్ అమ్మాయికి ఇవ్వొచ్చా?

టవర్‌క్లాక్:
మాది అనంతపురం. పై పోర్షన్ ఖాళీ అయి రెండు నెలలైంది. ఇంతకుముందు ఉన్నవాళ్ళు మూడు నెలల బాడుగ ఎగ్గొట్టి రాత్రికి రాత్రే సామాను సర్దుకున్నారు. వాళ్ళకు ఆధార్, పాన్, రేషన్ కార్డు అన్నీ ఉన్నాయి, అది వేరే సంగతి.
పోయిన ఆదివారం ఒక అమ్మాయి ఇల్లు చూడ్డానికి వచ్చింది. ఆఫ్ఘనిస్తాన్ అమ్మాయి, ఇక్కడే ఎమ్మెస్సీ చదివింది. "అంకుల్, కరెంటు మీటర్ సపరేటా?" అని తెలుగులో అడిగేసరికి మా ఆవిడ నవ్వేసింది. బాడుగ చెప్తే బేరం కూడా ఆడలేదు. కోర్సు అయిపోయింది, హాస్టల్ ఖాళీ చేయాలంట. వీసా ఇంకో నాలుగు నెలలుంది. వాళ్ళు హజారాలు, అంటే ఎక్కువగా షియా ముస్లింలైన అక్కడి మైనారిటీ జాతి. 2021 ఆగస్టులో తాలిబన్లు కాబూల్ పట్టుకున్నారు, 2022 డిసెంబరులో ఆడపిల్లలకు యూనివర్సిటీలు బంద్ చేశారు. తిరిగి పోతే నా డిగ్రీ ఏం చేసుకోను అంకుల్ అంది. ఢిల్లీలో ఐక్యరాజ్య సమితి శరణార్థుల ఆఫీసులో పేరు రాయించుకుందట, ఒక కాగితం చూపించింది. ఇంటర్వ్యూకి ఇంకా పిలవలేదు.
ఇవ్వొచ్చా? తర్వాత ఏమైనా టెన్షన్ ఉంటుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఉగ్గాని_బజ్జి:
బేరం ఆడని టెనెంటు దొరికితే ఇంకా అడుగుతావేందన్నా. ఇచ్చెయ్.

లా_పాయింటు (కడప):
కోర్టులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైర్ అయినవాణ్ణి, ఎమోషన్ పక్కన పెట్టి చెప్తాను. 1951 శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు, 1967 ప్రోటోకాల్ మీదా చేయలేదు. శరణార్థికి మన దగ్గర ప్రత్యేక చట్టమే లేదు. 1946 నాటి విదేశీయుల చట్టం పోయి, 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త ఇమ్మిగ్రేషన్ అండ్ ఫారినర్స్ చట్టం వచ్చింది. దాని కంటికి కనబడేది రెండే రకాలు: వీసా ఉన్న విదేశీయుడు, వీసా లేని విదేశీయుడు. ఐక్యరాజ్య సమితి కాగితం వీసా కాదు. విదేశీయులను ఇంట్లో పెట్టుకుంటే 24 గంటల్లో వాళ్ళ వివరాలు ఆన్‌లైన్లో ప్రభుత్వానికి తెలపాలి, ఫారం సి అని అందరూ అనేది దాన్నే. జిల్లాలో విదేశీయుల రిజిస్ట్రేషన్ అధికారి ఎస్పీగారే. నాలుగు నెలల తర్వాత మీ గేటు కొట్టేది పోలీసులు, ఐక్యరాజ్య సమితి కాదు.

గుత్తికోట (ప్రస్తుతం బెంగళూరు):
రెండు రకాలే అంటే ఎట్లా సార్? అదే చట్టం కింద ఇచ్చిన మినహాయింపు ఉత్తర్వు చూడండి. ఆఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్, బంగ్లాదేశ్‌ల నుంచి మత హింసకు భయపడి 2024 డిసెంబరు 31 లోపు వచ్చిన హిందువులు, సిక్కులు, బౌద్ధులు, జైనులు, పార్సీలు, క్రైస్తవులకు కాగితాలు లేకపోయినా కేసు లేదు. 2015 జనవరి 9 లోపు వచ్చి పేరు నమోదైన శ్రీలంక తమిళులకూ అంతే. అంటే కాబూల్లో ఒకే వీధి నుంచి సిక్కు పిల్ల ఒకతె, హజారా పిల్ల ఒకతె అదే తాలిబన్లకు భయపడి వచ్చారనుకోండి. ఒకామెకు మినహాయింపు, ఇంకొకామెకు నాలుగు నెలలు. సమానత్వం అంటే ఇదేనా?

లా_పాయింటు:
అది ప్రభుత్వ విధానం. నేను అడిగింది ఆ కాగితం వీసా అవుతుందా కాదా అని. కాదు.

ఉగ్గాని_బజ్జి:
చలికాలం వస్తే మన ఊళ్ళలో స్వెటర్లమ్మే టిబెటన్లు ఎవరు మరి? 1959 నుంచి ఉన్నారు. కర్ణాటక బైలకుప్పెలో వాళ్ళకు ఊళ్ళే ఉన్నాయి.

లా_పాయింటు:
వాళ్ళకు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉంది. అది ఇచ్చేది భారత ప్రభుత్వం, ఐక్యరాజ్య సమితి కాదు. మళ్ళీ అక్కడికే వస్తున్నాం.

రాయచోటి_పిల్ల:
సార్, ఒక మాట. మా మేనమామ 1990లో కువైట్లో డ్రైవరు. ఆగస్టు 2న ఇరాక్ సైన్యం దిగింది. చేతిలో చిల్లిగవ్వ లేదు, పాస్‌పోర్టు కఫీలు (పనిలో పెట్టుకున్న అక్కడి యజమాని) దగ్గరే ఉండిపోయింది. ఇరాక్ మీదుగా జోర్డాన్ సరిహద్దుకు వచ్చి, ఎడారిలో టెంట్లలో పదిహేడు రోజులున్నాడు. తర్వాత అమ్మాన్ నుంచి బొంబాయికి విమానం. ఆ ఏడాది 1,70,000 మందికి పైగా మనవాళ్ళను అట్లే తెచ్చారు. ఎవరో ఇచ్చిన రొట్టె తిని బతికామని ఇప్పటికీ చెప్తాడు. జోర్డాన్ కూడా మీరు చెప్పిన 1951 ఒప్పందం మీద సంతకం చేయలేదు సార్. సరిహద్దులో నిలబెట్టి ముందు వీసా చూపించు అనలేదు.

లా_పాయింటు:
అమ్మా, అది తరలింపు. శరణు కోరడం వేరు. మీ మామకు తిరిగి పోవడానికి సొంత దేశం ఉంది.

రాయచోటి_పిల్ల:
నేను చెప్పేదీ అదే కదా సార్. మా మామకు పోవడానికి రాయచోటి ఉంది. ఈ పిల్లకు ఏముంది?

సంగమేశ్వరం (కర్నూలు):
పొద్దున్నుంచి చూస్తున్నా. ఒక పిల్ల ఇల్లు అడిగితే ఇంతమంది చట్టాలు తీసినారు, శానా సంతోషం. ఇప్పుడు నాది వినండి.
మాది శ్రీశైలం డ్యామ్ ముంపు ఊరు. 1981లో ఇళ్ళు కూలగొట్టి ఖాళీ చేయించినారు. నేను అప్పుడు మా అమ్మ కడుపులో ఉన్నా. ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగం అని 98 జీవో ఇచ్చినారు. మా నాయన పేరు లిస్టులో ఎక్కింది. ఆఫీసుకు పోయినప్పుడల్లా ఒక కాగితం తక్కువనేవాళ్ళు. ఊరి నివాస ధ్రువీకరణ తెమ్మన్నాడొక గుమస్తా. ఊరు నీళ్ళకింద ఉంది, ఎవరిచ్చేది ధ్రువీకరణ? మా నాయన ఆ ఫైలు సంచిలో పెట్టుకోనే పోయినాడు. ఇప్పుడు నేను తిరుగుతున్నా. ఎండాకాలం నీళ్ళు తగ్గితే మా ఇంటి పునాది రాళ్ళు కనబడతాయి, పోయి కూర్చోని వస్తా.
మమ్మల్ని ఎవరూ కాందిశీకులు అనలేదు. మా కోసం ఏ ఢిల్లీ ఆఫీసూ ఇంటర్వ్యూ పెట్టలేదు. దేశంలో ఉన్నోళ్ళ లైను కదలకముందే బయటి లైను గురించి సమానత్వం మాట్లాడుతున్నారే, అదీ నా బాధ.

ఉగ్గాని_బజ్జి:
బాధ నిజమే అన్నా. కానీ ఆమెకు బాడుగ ఇల్లు ఇస్తే మీ ఉద్యోగం ఎట్లా పోతుంది?

గుత్తికోట:
98 జీవోకి వేరే చర్చ పెట్టుకోండి అన్నా. ఇక్కడ విషయం పక్కకు పోతోంది.
లా పాయింటు సార్‌కి: రాజ్యాంగంలో సమానత్వం గురించి చెప్పే 14వ అధికరణంలో ఉన్నది "పౌరుడు" కాదు, "వ్యక్తి". ప్రాణ రక్షణ గురించి చెప్పే 21 కూడా అంతే. 1996లో అరుణాచల్ చక్మాల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, పౌరులు కాకపోయినా వాళ్ళ ప్రాణాన్ని రాష్ట్రం కాపాడి తీరాలని.

లా_పాయింటు:
సగం చదివి రాకు నాయనా. 2021 ఏప్రిల్లో మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యాల కేసులో అదే సుప్రీంకోర్టు, 14, 21 అందరికీ వర్తిస్తాయి కానీ దేశం నుంచి పంపకుండా ఉండే హక్కు, దేశంలో ఎక్కడైనా నివసించే 19వ అధికరణంతో ముడిపడి ఉంది, అది పౌరులదే అంది. రెండూ చదువు.

గుత్తికోట:
రెండూ చదివాను. పంపించేయడం గురించి ఇక్కడ ఎవరడిగారు? ఇల్లు ఇవ్వడం గురించి అడిగారు.

సంగమేశ్వరం:
ఓ గుత్తి తమ్ముడూ. వేరే చర్చ పెట్టుకో అన్నావే, నలభై ఏళ్ళుగా మాకు అందరూ చెప్పేది అదే. వేరే కౌంటరు. వేరే ఆఫీసు. వేరే జిల్లా. నువ్వూ ఆ గుమస్తా ఒకటే.
ఇంకోటి. నేను ఆ పిల్లకు ఇల్లు ఇవ్వొద్దని ఎక్కడన్నా అన్నానా? పైకి పోయి చదువు. ఒక్క ముక్క చూపించు. కాగితం లేనోళ్ళ బతుకు ఏందో ఈ చర్చలో నాకంటే ఎవరికి తెలుసు? ఆ పిల్ల మీద మీకు వచ్చిన కన్నీళ్ళు మా మీద ఎందుకు రాలేదు, అంతే నేనడిగేది.

రాయచోటి_పిల్ల:
అన్నా, క్షమించు. నిజంగానే మేమెవరం పైకి పోయి చదవలేదు.
కానీ ఒకటి చెప్తా. నీ ఫైల్లో ఒక్కొక్కరూ విడివిడిగా నిరూపించుకోమన్నారు కదా. శరణు అడిగేవాళ్ళకూ అదే గోస. ఏం జరిగిందో, ఏ తేదీన జరిగిందో చెప్పాలి, తేదీ తప్పితే అబద్ధం అనుకుంటారేమోనని భయం. 2024 అక్టోబరులో యూరోపు కోర్టు ఒకటి మంచి తీర్పిచ్చింది. ఆఫ్ఘన్ ఆడమనిషి అయితే చాలు, తన ఒక్కదానికి విడిగా ఏం జరిగిందో నిరూపించాల్సిన పని లేదని. అక్కడ అందరి ఆడవాళ్ళకూ జరుగుతున్నదే చాలంది.

సంగమేశ్వరం:
ఊరందరికీ జరిగితే ఊరు చూసి ఇయ్యాల, మనిషి మనిషినీ ఎండలో నిలబెట్టకూడదు. అదే కదమ్మా మేం 98 మీద అడిగేది! ఆ కోర్టు పేరు చెప్పు, మా సంఘం వాళ్ళకు చూపిస్తా.

లా_పాయింటు:
యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం. దాని తీర్పు శ్రీశైలానికి వర్తించదు.

ఉగ్గాని_బజ్జి:
సార్ 😂

గుత్తికోట:
టవర్‌క్లాక్ అన్నా, మీరు మాట్లాడకుండా ఉన్నారే? ఏం చేశారు?

టవర్‌క్లాక్:
చెప్పాలి కాబట్టి చెప్తున్నా. సోమవారమే లేదని చెప్పేశా. ఇక్కడ రాసింది మంగళవారం. వీసా గురించి నాకు ఆలోచనే లేదు, ఫారం సి అంటే ఏందో ఇక్కడే తెలిసింది. ఎదురింటాయన వచ్చి, ముస్లిం పిల్ల, ఒక్కతే ఉంటుంది, ఎవరెవరో వచ్చిపోతారు, రేపు నీ కూతురికి సంబంధాలు చూడాలి కదా అన్నాడు. ఊ అన్నాను. మా ఆవిడ రెండు రోజులుగా నాతో సరిగా మాట్లాడ్డం లేదు. మీరెవరైనా ఇవ్వొద్దు అని గట్టిగా చెప్తే ఆమెకు చూపిద్దామని పెట్టా.

గుత్తికోట:
మరి మమ్మల్ని ఇంతసేపు చట్టాలు చదివించారెందుకన్నా! 2014లో బెంగళూరులో నాకేం జరిగిందో తెలుసా? అడ్వాన్సు కూడా తీసుకున్నాక ఊరెక్కడ అని అడిగాడు ఓనరు. గుత్తి అన్నాను. ఆంధ్రాలో రాయలసీమనా, బాంబులు, ఫ్యాక్షన్ మాకొద్దని డబ్బు చేతిలో పెట్టాడు. మా ఇంట్లో కొబ్బరికాయ కొట్టాలన్నా మా నాన్న పక్కింటాయన్ని పిలుస్తాడు. ఆ ఓనరుకూ ఎదురింటాయన ఉండే ఉంటాడు.

లా_పాయింటు:
ఇది వేరే విషయం. వీసా ఉన్నన్నాళ్ళు, ఫారం సి నింపితే, ఇల్లు ఇవ్వకూడదని ఏ చట్టమూ చెప్పదు. నేను మొదటి నుంచీ చెప్తున్నదీ అదే.

రాయచోటి_పిల్ల:
మొదటి నుంచీ అదేనా సార్?

లా_పాయింటు:
ఫారం సి గురించి ఎవరు చెప్పారు మరి ఇక్కడ?

టవర్‌క్లాక్:
ఇందాక ఫోన్ చేశా. బెంగళూరు బస్సులో ఉన్నా అంకుల్, అక్కడ ఒక స్నేహితురాలి రూముంది అంది. థ్యాంక్స్ అని కూడా అంది, ఎందుకో తెలీదు.

సంగమేశ్వరం:
ఒకటి అడుగుతా, దాచకుండా చెప్పు. ఆ పిల్లకు బాడుగ ఎంత చెప్పినావు?

టవర్‌క్లాక్:
ఆరు వేలు.

సంగమేశ్వరం:
ఎగ్గొట్టి పోయినోళ్ళకు?

టవర్‌క్లాక్:
నాలుగున్నర.